తల మీద చెయ్యి

ఎస్తేరు ఆ రోజు అందరినీ ఒకటే ప్రశ్న అడిగింది. "చిన్నప్పుడు మీ ఇంట్లో ఎట్లుండేది?"

తిరుపతి దాటి రేణిగుంట వైపు కొంత దూరం పోతే, రోడ్డుకు కాస్త లోపలగా ఒక పాత మేడ ఉంది. తాగుడు మాన్పించే కేంద్రం అందులోనే నడుస్తోంది. కింద మంచాలు, వెనక వంట, మేడ మీద రేకుల షెడ్డు. పొద్దున టిఫిన్లయ్యాక ఆ షెడ్డులో కుర్చీలు గుండ్రంగా వేసి అందరినీ కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. మాట్లాడించేది ఎస్తేరు. ఆమెకు యాభై దాటాయి. గొంతు పెంచదు, ఎవరు ఏడ్చినా కంగారు పడదు. లోపల ఉన్నవాళ్లందరికీ ఆమె అక్క.

ముందుగా పాల్ అందుకున్నాడు. తడలో లారీ డ్రైవరతను. ఈ కేంద్రానికి రావడం, పోవడం, మళ్లీ రావడం అతనికి అలవాటే.

"మా నాయన నన్ను కొట్టేదానికి కట్టె గూడా నన్నే ఏరుకోని రమ్మనేవాడక్కా. సన్నది తెస్తే, ఇది చాల్దు పోరా అని మళ్లీ పంపేవాడు. దెబ్బల కంటే ఆ తిరుగుడే ఎక్కువ."

అందరూ నవ్వారు. పాల్ కూడా నవ్వాడు గాని ఎస్తేరు నవ్వలేదు.

"ఇంట్లో ఉంటే దెబ్బలు, బడికి పోతే దెబ్బలు. అందుకని చంకలో ఎర్రగడ్డ పెట్టుకోని పడుకునేవాణ్ణి. కొంచేపటికి ఒళ్లు కాలిపోయేది. మా అమ్మ పాపం, నిజంగా జొరమనుకోని బన్ను కొనిచ్చేది. బన్ను మాత్రం నిండా బాగుండేదిలే."

ఉల్లిగడ్డ జ్వరానికి మళ్లీ నవ్వులు. ఈసారి మునిశేఖర్ నవ్వలేదు. కుర్చీ చేతి మీద పగిలిన చోట గోరుతో గీరుతూ కూర్చున్నాడు.

"నువ్వు చెప్పప్పా మునిశేఖర్," అంది ఎస్తేరు.

"నాదేముండాదక్కా. బాగానే పెరిగినాను."

"నాయన కొట్టేవాడా?"

"ఒక్క దెబ్బ గూడా కొట్టలేదు."

"తిట్టడం?"

"పల్లెత్తు మాట అనలేదు."

"తిండికి ఇబ్బంది?"

"బెల్లం వండే ఇల్లు మాది. తిండికేం తక్కువ?"

"తాగేవాడా?"

"తాగేవాడు. తాగొచ్చి గమ్మున పడుకునేవాడు. పక్కింటోళ్లకు గూడా తెలిసేది కాదు."

పాల్ నోరు తెరిచి చూశాడు. "అబ్బా! అట్లాంటి నాయన నాకుండుంటే ఈపాటికి కలెక్టరయిపోయుంటాను. నువ్వు ఎందుకు తాగితివప్పా మరి? పొద్దుపోకనా?"

మునిశేఖర్ కూడా నవ్వేశాడు. తను చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. నాయన కొట్టలేదు, తిట్టలేదు, పస్తు పెట్టలేదు. తన దగ్గరున్నదాన్ని ఎవరూ అడగలేదు, అడిగినా దాన్ని కష్టమనాలో ఏమనాలో అతనికి తెలియదు.

కుర్చీలు సర్దేటప్పుడు ఎస్తేరు అతని పక్కన ఆగింది. "రేపు పోతాండావు కదా. పోయేలోపల ఏమన్నా గుర్తొస్తే చెప్పు."

"అట్లేనక్కా," అన్నాడు.

సాయంత్రం ఆఫీసు గదిలోకి పిలిచి ఫోను చేతికిచ్చారు. అవతల రేవతి.

"సామాన్లు సర్దుకున్నావా? పొద్దున్నే వస్తాను," అంది. ఆమె గొంతులో అంత హుషారు విని చాలా కాలమైంది. "కొత్త చొక్కా తెస్తాండా. పాతవి నీకిప్పుడు పట్టవేమో. రొంత ఒళ్లు చేసినావని ఎస్తేరు మేడం చెప్పింది."

"పాప ఎట్లుండాది?"

"నాయన వస్తాడని వీధంతా చెప్పుకోని తిరుగుతాండాది. ఇదో, ఒక మాట. ఇంటికి పోకముందే కాణిపాకం పోతాము. అమ్మా, పాపా చిత్తూరు నుంచి ఆటోలో ఆడికే వస్తారు."

"దర్శనానికా?"

"ప్రమాణానికి."

మునిశేఖర్ ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు.

"పాప తల మింద చెయ్యి పెట్టి, ఇంక తాగనని స్వామి ముందర చెప్పు. అంతే. ఆ తర్వాత ఇంకెప్పుడూ నిన్ను ఒక్క మాట అడగను. నీ జేబులు ఎతకను. ఇది గాకపోతే మాత్రం ఇంట్లో అడుగు పెట్టనీనంటాండాది అమ్మ. ఆమె మాటే నా మాట గూడా."

చిత్తూరు చుట్టుపక్కల అన్నదమ్ముల తగువైనా, పోయిన నగ సంగతైనా, తాగుడైనా చివరికి చేరేది కాణిపాకానికే. తలకు స్నానం చేసి తడిబట్టలతో ఆ వినాయకుడి ముందు నిలబడి అబద్ధమాడే ధైర్యం ఎవరికీ ఉండదని నమ్మకం. రేవతి తప్పేం లేదు. కర్పూరం ఆర్పి ఒకసారి, ఆమె తాళి పట్టుకుని ఒకసారి, ఆమె అన్నకు ఫోన్లో ఒకసారి మాటిచ్చి తప్పినవాడు తను. ఇక మిగిలింది పెద్దదొక్కటే.

"వినపడతాండాదా?" అంది రేవతి.

"సరే," అన్నాడు మునిశేఖర్.

ఇంకేమనాలో తోచక ఆ మాట అన్నాడు. ఫోను పెట్టేసి టీ గ్లాసు పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు.

తను కాణిపాకం పోయినప్పుడు ఏడో ఎనిమిదో ఏళ్లుంటాయి. ఐరాల పక్కన పల్లె. నాయన మునస్వామి బెల్లం వండడంలో చేయి తిరిగిన మనిషి. పెనంలో చెరుకుపాలు ఏ పొంగు దగ్గర దించాలో నురగ చూసి చెప్పేవాడు. ఒకరోజు తాగి పొయ్యి పక్కనే నిద్రపోయాడు. పాకం పూర్తిగా మాడిపోయింది. అది తన ఒక్కడిదే కాదు, పెదనాయన వాళ్ల చెరుకు కూడా. ఆ మాడు వాసన ఊరంతా కమ్ముకుంది. మర్నాడు పెదనాయనలిద్దరూ వచ్చి అరుగు మీద కూర్చున్నారు. వాళ్లు చెప్పినదానికల్లా నాయన తల ఊపాడు. ఆ శుక్రవారం అందరూ ట్రాక్టరెక్కి కాణిపాకం పోయారు.

పిల్లవాడికి అది పండగే. తడిబట్టలతో వణుకుతున్న నాయనను చూసి నవ్వొచ్చింది. నాయన అరచెయ్యి తల మీద పడింది. పొయ్యి దగ్గర కాలి కాలి గట్టిపడిన చెయ్యి. దాని బరువుకు మెడ కిందికి వంగింది. నాయన ఏదో అన్నాడు. చుట్టూ గంటల చప్పుడులో మాటలు సరిగ్గా వినపడలేదు. బయటికొచ్చాక అమ్మ కళ్లు తుడుచుకుని నవ్వింది. హోటల్లో పూరీ పెట్టించారు. అందరూ తన తల నిమిరారు. ఆ రోజు ఇంటికంతటికీ తనే ముఖ్యమైనవాడు.

కొన్నాళ్లు బాగానే గడిచింది. తర్వాత ఒక మధ్యాహ్నం నాయన వాకిట్లోకి వచ్చాడు, ఎప్పటిలా మెత్తగా నవ్వుతూ, కొంచెం తూలుతూ. అమ్మ చేతిలోని చేట కింద పడేసి పిల్లవాణ్ణి లాక్కుని గుండెకు కరుచుకుంది.

"తాగితే బిడ్డ దక్కడని నువ్వే కదా చెప్తివి! నీ నోటితో నువ్వే చెప్తివి కదా! నా బిడ్డను మింగేస్తివి కదయ్యా!"

ఆ రోజు తెలిసింది గంటల చప్పుడులో తనకు వినపడని మాట ఏమిటో.

నాయన వాకిట్లో చతికిలబడి ఏడ్చాడు. మర్నాడు మళ్లీ తాగాడు.

అప్పటి నుంచి రోజూ పొద్దున కళ్లు తెరవకముందే అమ్మ చెయ్యి నుదుటి మీద పడేది, ఒళ్లు కాలుతోందేమోనని. నాయన తాగొచ్చిన రోజు పిల్లవాడికి అన్నం పెట్టి, తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుని చూసేది. ఇంకో ముద్ద తిను నాయనా, ఇంకో ముద్ద తిను అనేది. ఆ చూపుకు అన్నం గొంతు దిగేది కాదు. ఒకసారి నీళ్లు పోసేటప్పుడు అడిగాడు, "నేనెప్పుడు సచ్చిపోతాను మా?" అని. అమ్మ చెంబుతోనే వీపు మీద కొట్టింది. తర్వాత సబ్బు నురగతోనే వాణ్ణి దగ్గరకు తీసుకుని ఏడ్చింది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

ఊళ్లో పిల్లలందరూ బావిలో దూకి ఈత నేర్చుకుంటే వాడు గట్టు మీద బట్టలకు కాపలా కూర్చునేవాడు. చింతచెట్టు ఎక్కమంటే ఎక్కేవాడు కాదు. పిరికినాయాలా అని ఏడిపించేవాళ్లు. దూకితే తను పోతాడేమో, తను పోతే నాయన వల్లనే పోయాడంటారేమో. అది వాళ్లకెట్లా చెప్తాడు? పెద్దయ్యాక ఏమవుతారని బడిలో అయ్యవారు అడిగితే ఒకడు పోలీసన్నాడు, ఒకడు డ్రైవరన్నాడు. వీడు లేచి నిలబడి గమ్మునున్నాడు. పెద్దయ్యేదాకా ఉంటే కదా చెప్పడానికి.

ఒక వానకాలం వాడికి నిజంగానే జ్వరం పట్టుకుంది. నాయన మంచం పక్క నుంచి కదల్లేదు. వాడి కాళ్లు పట్టుకుని కూర్చున్నాడు. తగ్గేదాకా చుక్క ముట్టలేదు. తగ్గాక కొన్నాళ్లకు మళ్లీ మొదలుపెట్టాడు. అప్పుడు పిల్లవాడికి దారి దొరికింది. బడిలో ఎవరో చెప్పగా విని చంకలో ఎర్రగడ్డ పెట్టుకుని పడుకోవడం నేర్చుకున్నాడు. పాల్ మాదిరి బడి ఎగ్గొట్టడానికి కాదు. వాడికి జ్వరమొస్తే నాయన తాగడు. నాయన తాగకపోతే వాడు బతుకుతాడు.

పదో తరగతి తప్పిన ఎండాకాలంలో, మిట్టమధ్యాహ్నం మోటారు గదిలో నాయన దాచిన సీసా దొరికింది. నాయన తాగితే తను పోవాలి, మరి తను తాగితే ఎవరు పోవాలి? ఆ మాట అనుకుని తనలో తనే నవ్వుకున్నాడు. రెండు గుక్కలు మింగాడు. గొంతు మండింది. కాసేపటికి ఛాతీలో ఎన్నేళ్లుగానో బిగించి కట్టినదేదో వదులయ్యింది. ఆ మోటారు చప్పుడులోనే సాయంత్రం దాకా నిద్రపోయాడు. అంత నిద్ర అంతకుముందు ఎప్పుడూ పోలేదు.

నాయన పోయినప్పుడు మునిశేఖర్‌కు మీసాలు పూర్తిగా వచ్చేశాయి. కాలేయం చెడిపోయి పోయాడు. కొరివి పెట్టి వచ్చి గుండుతో వాకిట్లో కూర్చున్నప్పుడు, తను ఇంకా బతికే ఉన్నాడన్న సంగతి తట్టింది. దానికి సంతోషపడాలో సిగ్గుపడాలో తెలియలేదు. అప్పటికే తాగుడు అతని సొంతమైపోయింది.

పొద్దున రేవతి వచ్చింది. సంతకాలు పెట్టింది. మాత్రలు ఎప్పుడెప్పుడు వేయాలో ఎస్తేరు చెప్తుంటే శ్రద్ధగా విని, మళ్లీ తనే ఒకసారి అప్పజెప్పింది. కొత్త చొక్కా లేత నీలం రంగుది. తొడుక్కుని బయటికొస్తే పాల్ వరండాలో నిలబడి ఈల వేశాడు.

"పెండ్లికొడుకు మాదిరి ఉండావబ్బా. మళ్లీ ఈ పక్క రావాకు. వచ్చినావంటే నేనే తంతాను."

"నువ్వెప్పుడు పోతావు?"

"నాకు ఇల్లు ఇదే కదప్పా. ఆడికి అప్పుడప్పుడూ సుట్టంగా పోయొస్తాంటా."

కాణిపాకం బస్సులో ఇద్దరికీ పక్కపక్కనే సీట్లు దొరికాయి. రేవతి కిటికీ పక్కన కూర్చుని దారంతా మాట్లాడుతూనే ఉంది. మేడ మీద గదికి సున్నం కొట్టించింది. కుట్టుమిషన్ వరండాలోకి మార్చి అతని మంచానికి చోటు చేసింది. పాలవ్యాను ఓనరును కలిసి బతిమాలింది. పొద్దున పల్లెల్లో పాలు ఎత్తుకొచ్చే పని మళ్లీ ఇస్తానన్నాడు.

"అమ్మ గూడా మారింది," అంది. "నీకోసం చింతకాయ తొక్కు నూరి పెట్టింది. నోటితో ఒప్పుకోదు గానీ."

చంద్రగిరి దాటింది. మామిడి తోటలు మొదలయ్యాయి. ఇప్పుడు చెప్పాలి అనుకున్నాడు మునిశేఖర్. పాకాల వచ్చాక చెప్దాంలే అనుకున్నాడు. పాకాల కూడా పోయింది. రేవతి మాట్లాడి మాట్లాడి అలసిపోయి అతని భుజం మీద తల ఆనించి కళ్లు మూసుకుంది. బస్సులో, పదిమందిలో, ఆమె అలా తల ఆనించడం పెళ్లయిన కొత్తలో తప్ప ఎప్పుడూ లేదు. కదిలితే లేస్తుందేమోనని అతను భుజం బిగబట్టి కూర్చున్నాడు.

గుడి దగ్గర కొబ్బరికాయల అంగడి ముందు అత్త దేవకమ్మ, పక్కన ధరణి. మూడో తరగతిలో ఉండగా చూసిన పిల్ల ఇప్పుడు నాలుగో తరగతి. పొడుగైనట్టుంది. తడి జుట్టు వదిలేసుకుని, కనకాంబరాలు పెట్టుకుని ఉంది. పరుగెత్తుకొచ్చి నడుము పట్టుకుంది.

"నాయనా, నువ్వు లావైనావే!" అని నవ్వింది. వెంటనే గొంతు తగ్గించి పెద్దమనిషిలా, "నువ్వు నా తల మింద చెయ్యి పెట్టి చెప్తే ఇంక మానేస్తావంట. అవ్వ చెప్పింది. నేను పొద్దున రెండుసార్లు తలకు పోసుకున్నా. బాగుండాలి కదా," అంది.

"అవ్వ ఇంకేం చెప్పింది?"

"అంతే. ఇంకేముంటాది?"

అవును, ఆ రోజు తనకు కూడా అంతే తెలుసు.

ప్రమాణానికి చీటీ రేవతి ముందే తీసుకుంది. మునిశేఖర్ కొత్త చొక్కా విప్పి రేవతి సంచీలో పెట్టి, స్నానం చేసి తడి పంచెతో వచ్చాడు. వరుసలో వాళ్ల ముందు ఎవరో ఇద్దరు అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా నిలబడ్డారు. దేవకమ్మ అతని చెవి దగ్గరకొచ్చి చెప్పాల్సిన మాట మెల్లగా నేర్పింది. మాట చివరికొచ్చేసరికి పిల్లకు వినపడకుండా ఇంకా తగ్గించింది. ముప్పై ఏళ్ల కింద గంటల చప్పుడులో కలిసిపోయిన మాటే. అచ్చం అదే.

వాళ్ల వంతు వచ్చింది. "చెప్పండి," అన్నాడు పూజారి.

దేవకమ్మ ధరణిని ముందుకు జరిపింది. పిల్ల రెండు చేతులూ జోడించి కళ్లు గట్టిగా మూసుకుంది. మునిశేఖర్ చెయ్యి ఎత్తాడు. పాపిట దగ్గర తడి ఇంకా ఆరలేదు. అరచేతికీ ఆ జుట్టుకూ మధ్య జానెడు దూరం ఉంది. తాగనని అనుకుంటున్నాడు. నిజంగానే అనుకుంటున్నాడు. కానీ పాల్ కూడా పోయిన ప్రతిసారీ నిజంగానే అనుకుని పోయాడు. ఎక్కడో ఒక సందు మలుపులో కాలు జారిందా, ఇంట్లో ఎవరో ఒకరు ఏడుస్తూ ఆ మాట అనేస్తారు. ఆ మర్నాటి పొద్దున ఈ పిల్ల నుదుటి మీద ఎవరిదో చెయ్యి పడుతుంది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రెండు చేతులూ జోడించాడు.

"స్వామీ, తాగకూడదని ఉండాను. తాగితే ఏమైనా నాకే కానీ. నా ఒక్కడికే కానీ."

"పాప తల మింద పెట్టి చెప్పు," అంది దేవకమ్మ పళ్ల బిగువున.

"పెట్టను అత్తా."

ధరణి కళ్లు తెరిచి చూసింది. వెనక వరుస కదలమని తోసుకొచ్చింది. రేవతి ముందుకు నడిచింది.

బయటికి రాగానే దేవకమ్మ ఆగిపోయింది. "తాగాలనే ఉండాది మనసులో. లేకుంటే చెయ్యి ఎనక్కి ఎందుకు పోతాది? పెద్దమనిషి మాదిరి నా ఒక్కడికే కానీ అంట! నీకేమైతే ఎవరికప్పా నష్టం? సూస్తివా రేవతీ, నేను చెప్పలా? బిడ్డ తల మింద ఒట్టేసి తాగితే ఆ బిడ్డ..."

"అత్తా!"

అంగళ్ల దగ్గర జనం తిరిగి చూశారు. తాగి ఇంటికొచ్చిన రోజుల్లో కూడా అతను ఆమె మీద గొంతెత్తలేదు.

"ఆ మాట అనొద్దు. నన్ను ఏమన్నా అను, కాళ్లతో తన్ను. పాప ముందర ఆ మాట మాత్రం అనొద్దు."

దేవకమ్మ బిత్తరపోయి ఆగింది. రేవతి ఇద్దరి మధ్యకూ వచ్చి, "మా, పాపకు చెరుకురసం తాపించుకోని రా పో," అంది. ధరణి వెనక్కి చూస్తూనే అవ్వ చెయ్యి పట్టుకుని పోయింది.

ప్రహరీ గోడ నీడలో ఇద్దరూ నిలబడ్డారు. అప్పుడు చెప్పాడు మునిశేఖర్. మాడిన పాకం నుంచి మొదలుపెట్టాడు. వరుసగా రాలేదు మాటలు. ఈత రాదని ఒకసారి, అమ్మ అన్నం పెట్టి చూసేదని ఒకసారి, ఎర్రగడ్డలని ఒకసారి. చెప్తుంటే తన చెవికే అవి చిన్న చిన్న సంగతుల్లా వినపడ్డాయి. ఇంతేనా అనిపించింది. రేవతి కొంగు కొస వేలికి చుట్టుకుంటూ విన్నది.

"అయితే నీకేం కాలేదు కదా," అంది చివరికి. "సావలేదు కదా నువ్వు. బాగానే ఉండావు కదా."

మునిశేఖర్ ఆమె ముఖంలోకి చూశాడు. వెక్కిరింపు కాదది. నిజంగానే అడుగుతోంది.

"సావలేదు," అన్నాడు.

"పదేండ్లయ్యింది పెండ్లయి. ఒక్కసారన్నా చెప్పలేదే."

"చెప్పేదానికేముండాది మే? కొట్టినాడా, తిట్టినాడా? మా నాయన మంచోడని నీకాడ ఎన్నిసార్లు చెప్పినా. ఇప్పుడు గూడా మంచోడే."

రేవతి ముఖం పక్కకు తిప్పుకుంది. కళ్లలో నీళ్లు తిరిగినా కిందకు రానీలేదు. "సరే, నీ బాధ నీకుండాది. నేనేం పట్టుకోని నమ్మాల నిన్ను? చెప్పు. కర్పూరం అయిపోయె, తాళి అయిపోయె. ఇదీ వద్దంటే ఇంకేముండాది నా చేతిలో?"

ఎస్తేరు చెప్పిన మాటలు కొన్ని గుర్తొచ్చాయి గాని, సున్నం కొట్టించి మంచానికి చోటు చేసి వచ్చిన మనిషికి ఆ మాటలు చెప్పబుద్ధి కాలేదు.

"ఏమీ లేదు," అన్నాడు.

"అయితే ఇంటికి తీసుకోని పోలేను." రేవతి సంచీ పట్టీ సర్దుకుంది. "అమ్మ కోసం కాదు. నాకే భయంగా ఉండాది. ఈసారి నువ్వు తాగి వస్తే తట్టుకోలేను."

"తెలుసు."

"యాడికి పోతావు?"

"ఎస్తేరక్క దగ్గరికే. షెడ్డులో పడుకోనిస్తాది. వంటకు మనిషి కావాలని అంటాండారు."

రేవతి భుజానికున్న సంచీ తీసి అతని చేతికిచ్చింది. అందులో మాత్రలూ, అతని చొక్కాలూ ఉన్నాయి. ఇచ్చాక కూడా ఆమె చెయ్యి సంచీ పట్టీ మీదే కాసేపుంది. "ఆదివారాలు వచ్చి పాపను చూసి పో. మేడ మింద కాదు. కింద వాకిట్లో. అంత వరకే నేను చేసేది."

"చాలు," అన్నాడు మునిశేఖర్.

ఆటో దగ్గర ధరణి చెరుకురసం గ్లాసు ఖాళీ చేసి మూతి తుడుచుకుంటోంది. నాయన ఆటో ఎక్కడం లేదని ఆమెకు అప్పుడే అర్థమైంది. కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"నువ్వు రావా?"

"ఆదివారం వస్తాను మా."

"నేను రెండుసార్లు తలకు పోసుకున్నా. నువ్వు చెయ్యే పెట్టలేదు." పిల్ల గొంతులో ఏడుపు లేదు, పూర్తిగా కోపమే. "నువ్వు మళ్లీ తాగతావు. అందుకే పెట్టలేదు. అవ్వ చెప్పింది కరెక్టే."

మునిశేఖర్ ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. తడి పంచెకు మట్టి అంటింది. "తాగకూడదనే ఉండాను పాపా. శానా కష్టపడతాండాను. కానీ ఒక మాట గుర్తు పెట్టుకో. నేను ఒకవేళ తాగినా నీకేం కాదు. ఎప్పటికీ ఏం కాదు. ఎవురన్నా ఏమన్నా చెప్పినా నమ్మాకు."

ధరణి అతన్ని వింతగా చూసింది.

"నాకేమైతాది? తాగేది నువ్వు కదా," అంది విసుగ్గా. "ఏందేందో మాట్లాడతావు." అవ్వ పక్కన ఎక్కి కూర్చుని, ముఖం అటువైపు తిప్పేసుకుంది.

అతను లేచి నిలబడ్డాడు. ముఖం మీదకు నవ్వులాంటిది వచ్చింది. దేవకమ్మ ఆ నవ్వు చూసి ఏమనుకుందో, ఛీ అని తల కొట్టుకుంది. రేవతి ఒక్కతే ఆటో కదిలేదాకా అతన్ని చూసింది. ధరణి చెయ్యి ఊపలేదు. మలుపు తిరిగేదాకా ఆమె వదిలేసుకున్న జుట్టు కనిపిస్తూనే ఉంది.

తిరుపతి బస్సు రావడానికి చాలాసేపు పట్టింది. చొక్కా తొడుక్కున్నాడు గాని పంచె ఒంటి మీదే ఆరిపోయింది. సీటు దొరికాక చూసుకుంటే, పక్కన ఒక పెద్దాయన ఒళ్లో ప్రసాదం పొట్లం పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. మదనపల్లి నుంచి వచ్చాడట, తిరుమల కూడా చూసుకుని పోతాడట. బస్సు బయల్దేరిన కాసేపటికి మాట కలిపాడు.

"దర్శనం బాగా అయ్యిందా నాయనా?"

"అయ్యింది."

"పిల్లలుండారా?"

"ఒక పాప."

"తీసుకోని రాలేదే?"

"వచ్చింది," అన్నాడు మునిశేఖర్. "వాళ్లమ్మతో ఇంటికి పోయింది."

పెద్దాయన తల ఊపి, పొట్లం విప్పి కొంచెం ప్రసాదం అతని చేతిలో పెట్టాడు.